పొద్దు వాలే వేళ ఫోటో: తీయడం ఎలా, దిద్దుకోవడం ఎలా

“సూర్యుడు కంటికి నిప్పుముద్దలా కనిపించాడండీ, ఫోన్‌లో చూస్తే తెల్ల చుక్క. ఎందుకలా?”

రాజమండ్రి పుష్కర ఘాట్ మెట్ల మీద సాయంత్రం పూట కెమెరా పట్టుకుని కూర్చునే నాకు ఈ ప్రశ్న ఎన్నిసార్లు ఎదురైందో లెక్కలేదు. దాని వెనకాలే ఇంకో రెండు వస్తాయి: ఏ ఫోన్ కొనాలి, ఎడిటింగ్‌లో ఏం చేయాలి. ప్రతిసారీ మెట్ల మీద నిలబడి చెప్పే సరికి ఆ రోజు పొద్దు కాస్తా కుంకిపోతోంది. అందుకే అంతా ఒకచోట రాస్తున్నాను.

ఫోన్ గురించి ముందే చెప్పేస్తాను. గత నాలుగైదేళ్ళలో కొన్న మామూలు ఫోన్ ఏదైనా సరిపోతుంది. నేను చూసిన ఫోటోల్లో ఎక్కువ చెడిపోయింది మూడు కారణాల వల్ల: వెలుగు అవసరానికి మించి లోపలికి వచ్చింది, సూర్యుడి మీద తప్ప చుట్టూ ఉన్న దేని మీదా చూపు లేదు, ఇంటికి వచ్చాక ఆ రెండు లోపాల్నీ రంగు పులిమి కప్పబోయారు. ఈ మూడూ సరిచేసుకోవడానికి పైసా ఖర్చు లేదు.

కావలసినవి

- ఫోన్ గానీ కెమెరా గానీ. ఫోన్‌లో దూరపువాటిని దగ్గరకు లాగే టెలిఫోటో లెన్స్ విడిగా ఉంటే మంచిదే, లేకపోయినా పని ఆగదు.
- లెన్స్ తుడవడానికి మెత్తటి నూలు గుడ్డ. జేబులో పెట్టుకున్న ఫోన్ లెన్స్ మీద వేలి జిడ్డు తప్పక ఉంటుంది. ఎండకు ఎదురుగా పెట్టగానే ఆ జిడ్డే ఫోటో అంతా పొగలా పరుచుకుంటుంది.
- పొద్దు మునిగాక కూడా తీయాలనుకుంటే చిన్న ట్రైపాడ్. లేకపోతే గట్టు మీద సంచి పెట్టి దాని మీద ఫోన్ ఆనించినా చాలు.
- సూర్యుడు ఏ రోజు ఏ దిక్కున దిగుతాడో చూపించే యాప్. సన్ సర్వేయర్, ఫోటోపిల్స్ లాంటివి ఉన్నాయి.
- దిద్దుకోవడానికి స్నాప్‌సీడ్ గానీ లైట్‌రూమ్ మొబైల్ గానీ. స్నాప్‌సీడ్ ఉచితం. లైట్‌రూమ్‌లో కొన్ని పనిముట్లకు డబ్బు కట్టాలి. మొదలుపెట్టేవాళ్ళకు స్నాప్‌సీడే చాలు.

ఒక హెచ్చరిక. డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరాకు పెద్ద లెన్స్ తగిలించి, వ్యూఫైండర్‌లో కన్ను పెట్టి సూర్యుణ్ణి చూడకండి. భూతద్దంతో కాగితం కాల్చినట్టే కంట్లో రెటీనా కాలుతుంది, ఆ దెబ్బ మళ్ళీ మానకపోవచ్చు. వెనక తెర మీద లైవ్ వ్యూలో చూసి తీయండి. లైవ్ వ్యూ అయినా, మిర్రర్‌లెస్ కెమెరా అయినా ఎండ గట్టిగా ఉన్నప్పుడు లెన్స్‌ను సూర్యుడి వైపు అదే పనిగా పెట్టి ఉంచితే సెన్సర్‌కు దెబ్బ. తీసినంతసేపు తీసి, పక్కకు తిప్పేయండి.

తీయడం

1. సూర్యుడు ఎక్కడ దిగుతాడో ముందు రోజే చూసుకోండి.

పడమర అంటే పడమరే కదా అనుకుంటాం. మన అక్షాంశంలో మార్చి 21, సెప్టెంబరు 23 ప్రాంతాల్లో మాత్రమే సూర్యుడు సరిగ్గా పడమట దిగుతాడు. జూన్ చివరికి అక్కడి నుంచి ఉత్తరానికి సుమారు 25 డిగ్రీలు జరుగుతాడు, డిసెంబరు చివరికి దక్షిణానికి అంతే జరుగుతాడు. అంటే ఒకే మెట్టు మీద నిలబడి చూస్తే ఆరు నెలల్లో 50 డిగ్రీల తేడా. వంతెన కమాను వెనక సూర్యుణ్ణి పెట్టి ఎవరో తీసిన ఫోటో చూసి మీరు వేరే నెలలో అక్కడికి వెళ్తే, సూర్యుడు ఎక్కడో చెట్ల వెనక దిగిపోతుంటాడు. తప్పు మీది కాదు, నెలది. యాప్‌లో తేదీ మార్చి చూసుకోండి.

మా ఘాట్‌కు ఉన్న అదృష్టం ఏమిటంటే ఊరు గోదావరికి తూర్పు గట్టున ఉంది. కాబట్టి ఏ నెలలోనైనా పొద్దు నది అవతల కొవ్వూరు వైపే దిగుతుంది. సూర్యుడి ముందు పెట్టుకోవడానికి 1997లో వచ్చిన 28 కమానుల రైలు వంతెన ఉంది, దానికి ముందు 1900 నుంచి రైళ్ళను మోసిన హేవలాక్ వంతెన ఉంది. హైదరాబాదులో ట్యాంక్‌బండ్ మీద నిలబడి హుస్సేన్‌సాగర్ వైపు తిరిగినా అంతే, బుద్ధ విగ్రహం పడమటి వెలుగుకు అడ్డంగా వస్తుంది.

వైజాగ్ వెళ్ళి “సముద్రంలో సూర్యాస్తమయం తీయాలి” అనేవాళ్ళకు మాత్రం నిరాశే. మన కోస్తా అంతా తూర్పుకు తిరిగి ఉంది, పొద్దు ఊరి వెనక, కొండల వెనక దిగుతుంది. అలాంటి చోట సముద్రానికి వీపు తిప్పండి. అల వెనక్కి వెళ్ళిన తడి ఇసుకలో ఆకాశం అద్దంలా పడుతుంది, దాన్ని తీయండి. లేదా ఇక్కడ చెప్పినవన్నీ తెల్లవారుజామున సూర్యోదయానికి వాడండి. పద్ధతి ఒకటే, వరస తిరగబడుతుంది. న్యూజెర్సీ తీరాన ఉన్న మనవాళ్ళదీ వైజాగ్ పరిస్థితే. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్ళకు మాత్రం పొద్దు నేరుగా సముద్రంలోనే మునుగుతుంది.

2. ముప్పావుగంట ముందే చేరండి.

గడియారం చూసే పని లేకుండా ఒక కొలత ఉంది. చెయ్యి చాచి పిడికిలి బిగించండి. నేల గీతకూ సూర్యుడికీ మధ్య ఒక పిడికిలి పట్టేంత ఎడం ఉంటే, మన ప్రాంతంలో ఇంకా సుమారు 40 నిమిషాలు ఉన్నట్టు. మనకు సూర్యుడు దాదాపు నిటారుగా దిగుతాడు కాబట్టి చివర్లో ఆ వేగం చూస్తే టెన్షన్ వస్తుంది. బింబం అంచు నీటిని తాకిన దగ్గర్నుంచి పూర్తిగా మునిగేదాకా రెండు నిమిషాల పైచిలుకే. ఆ రెండు నిమిషాల్లో చోటు వెతుక్కుంటూ కూర్చుంటే దొరకదు. లండన్ లాంటి ఉత్తరాది ఊళ్ళలో సూర్యుడు ఏటవాలుగా జారుతాడు, వాళ్ళకు కాస్త ఎక్కువ సమయం దొరుకుతుంది.

3. మబ్బు చూడండి, దిగులు పడకండి.

నిర్మలమైన ఆకాశం కంటే అక్కడక్కడా మబ్బు ఉన్న ఆకాశమే మేలు. రంగు పట్టుకోవడానికి ఏదో ఒకటి పైన ఉండాలి కదా. ఎత్తున దూది ఏకినట్టు ఉండే పలచటి మబ్బులు, పడమట అంచున మాత్రం ఖాళీ: ఇది దొరికితే ఆ రోజు ఏ పని ఉన్నా మానేసి వెళ్ళండి. వాన వెలిసిన సాయంత్రాల్లో గాలిలో దుమ్ము కడుక్కుపోయి రంగులు తేటగా వస్తాయి. ఎండాకాలంలో దుమ్ముపొర వల్ల ఆకాశం మసకగా ఉన్నా, బింబం మాత్రం పండిన నారింజలా గుండ్రంగా కనిపిస్తుంది. ఆ రోజుల్లో టెలిఫోటో బయటికి తీయండి. పడమర పూర్తిగా మూసుకుపోయి ఉంటే ఇంటికి వచ్చేయడమే.

4. సూర్యుడి ముందు ఏం పెడతారో తేల్చుకోండి.

ఫోటో ఇక్కడే తయారవుతుంది, అందుకే దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

ఫోన్ మామూలు లెన్స్‌లో సూర్యబింబం ఫ్రేమ్ వెడల్పులో సుమారు 150వ వంతు ఉంటుంది. కంటికి పెద్దగా అనిపించేది మన మనసు దాని మీద నిలవడం వల్ల. కాబట్టి ఒట్టి ఆకాశం, ఒట్టి సూర్యుడు పెట్టి తీస్తే ఫోటోలో మిగిలేది చుక్కే. దాని ముందుకు ఒక ఆకారం రావాలి. తాటిచెట్టు, పడవ, వల విసిరే మనిషి, గుడి గోపురం, గట్టు మీద కూర్చున్న ఇద్దరు స్నేహితులు. వెలుగుకు ఎదురుగా తీస్తాం కాబట్టి ఇవి నల్లటి నీడబొమ్మలుగా వస్తాయి. తోలుబొమ్మలాట చూసినవాళ్ళకు తెలుసు, తెర మీద బొమ్మ అర్థం కావాలంటే దాని అంచు తేటగా ఉండాలి. ముక్కు, గడ్డం, చెయ్యి విడివిడిగా తెలియాలి. మనిషిని ఎదురుగా నిలబెడితే స్తంభంలా వస్తాడు. పక్కకు తిప్పండి, చేతికీ ఒంటికీ మధ్య కాస్త వెలుగు కనిపించనివ్వండి.

ఒక రోజు సంగతి చెబుతాను. నాటు పడవ ఒకటి తిరిగి వస్తోంది, పడవాయన నిలబడి గెడ వేస్తున్నాడు, వెనక నారింజ రంగు నీళ్ళు. నేను నీటి దగ్గర, కింది మెట్ల మీద నిలబడి తీశాను. ఇంటికి వచ్చి చూస్తే ఆయనకు తల లేదు! అవతలి గట్టు చెట్ల నల్లటి గీత సరిగ్గా తల ఎత్తులో వచ్చింది. నలుపులో నలుపు కలిసిపోయింది.

తర్వాత అర్థమైంది. మీ కెమెరా నీటి మట్టానికి ఎంత ఎత్తులో ఉంటుందో, దూరపు గట్టు గీత ఎదుటి మనిషిని సుమారు అంతే ఎత్తులో కోస్తుంది. నేను నిలబడితే నా కళ్ళ ఎత్తు, ఆయన తల ఎత్తు ఒకటే అయ్యాయి. దీనికి రెండు దారులు. కింది మెట్టు మీద కూర్చుని ఫోన్‌ను నీటికి రెండడుగుల ఎత్తులో పెడితే ఆయన నడుము పైభాగమంతా గట్టు గీత దాటి ఆకాశంలోకి వస్తుంది. లేదా పది పన్నెండు మెట్లు ఎక్కి పైనుంచి తీస్తే మనిషి, పడవ, గెడ మొత్తం మెరిసే నీళ్ళ మీదే విడిగా నిలబడతాయి. మధ్యలో నిలబడితేనే చేటు. అప్పటినుంచి ఏ ఫోటోకైనా ఒకసారి కూర్చుని, ఒకసారి పైకెక్కి రెండూ తీస్తాను.

సూర్యుడు పెద్దగా కావాలంటే వస్తువుకు దూరం జరగాలి. ఐదున్నర అడుగుల మనిషి మీకు సుమారు 180 మీటర్ల దూరంలో ఉంటే సరిగ్గా సూర్యబింబం అంత ఎత్తు కనిపిస్తాడు. అక్కడి నుంచి టెలిఫోటోతో దగ్గరకు లాగితే మనిషీ సూర్యుడూ సమానంగా పెరుగుతారు. ఆ పెద్ద సూర్యుడి ఫోటోలన్నీ ఇలా తీసినవే. దీనికి కెమెరాలో 200 మిల్లీమీటర్లు, ఆ పైన లెన్స్ కావాలి. ఫోన్‌లో విడి టెలిఫోటో లెన్స్ ఎంతవరకు లాగుతుందో అంతవరకే వెళ్ళండి, ఆ తర్వాత వేళ్ళతో సాగదీసేది డిజిటల్ జూమ్, అందులో అంచులు మైనంలా అయిపోతాయి.

ఈ దూరపు ఫోటోల కోసం రైలు పట్టాల మీదికి వెళ్ళకండి. జూలై నుంచి సెప్టెంబరు దాకా గోదావరికి వరద వచ్చినప్పుడు నీట మునిగిన మెట్ల మీద దిగకండి. నాచు పట్టిన మెట్టు మీద కాలు జారితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

5. నేల గీత వంకర లేకుండా, సరైన చోట పెట్టండి.

ఫోన్ కెమెరా సెట్టింగ్స్‌లో గ్రిడ్ గీతలు ఆన్ చేయండి. నీళ్ళూ ఆకాశం కలిసే గీత గ్రిడ్ అడ్డగీతకు సమాంతరంగా ఉండాలి. ఒక్క డిగ్రీ వంగినా నది ఒక పక్కకు కారిపోతున్నట్టు కనిపిస్తుంది. ఆకాశం బాగుంటే గీతను కింది మూడో వంతులో పెట్టండి, నీళ్ళు బాగుంటే పై మూడో వంతులో. ప్రతిబింబం పూర్తిగా పడితే నడిమధ్యన పెట్టినా తప్పులేదు. నాలుగు అంచులూ ఒకసారి చూడండి: కరెంటు తీగ, ఎవరిదో మోచెయ్యి, చెత్త కవరు. ఒక అడుగు పక్కకు జరిగితే పోయేవి ఇవి, తర్వాత తుడవాలంటే పావుగంట పని.

6. వెలుగు తగ్గించండి.

తెల్ల చుక్క సమస్యకు మందు ఇదే. ఫోన్ తన లెక్క ప్రకారం చీకటిగా ఉన్న పడవను కూడా వెలిగించాలని చూస్తుంది, దాంతో ఆకాశం పాలిపోతుంది.

ఫోన్‌లో: సూర్యుడి మీద కాకుండా, సూర్యుడికి కాస్త పక్కనున్న ఆకాశం మీద వేలు పెట్టి నొక్కి పట్టండి. ఫోకస్, వెలుగు రెండూ లాక్ అవుతాయి. ఆ పక్కనే వచ్చే చిన్న సూర్యుడి గుర్తును కిందికి జరపండి. తెర మీద రంగులు చిక్కబడే దాకా జరిపి, ఇంకొంచెం జరపండి. ఫ్లాష్ ఆపేయండి. చీకటి భాగాల్నీ వెలుగు భాగాల్నీ సమం చేసే హెచ్‌డీఆర్‌ను ఆపే వీలుంటే నీడబొమ్మల ఫోటోలకు ఆపేయండి, ఎందుకంటే అది నలుపును బూడిద రంగు చేస్తుంది.

కెమెరాలో: ఎపర్చర్ ప్రయారిటీ (లెన్స్ ఎంత తెరుచుకోవాలో మనం చెప్పే మోడ్), ఎఫ్ 8, ఐఎస్‌ఓ 100 (సెన్సర్ వెలుగును తక్కువగా పట్టే సెట్టింగ్), ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫోటో వెలుగును పెంచే, తగ్గించే సెట్టింగ్) మైనస్ 1 నుంచి మైనస్ 2 మధ్య. సూర్యుడి చుట్టూ కిరణాల నక్షత్రం కావాలంటే ఎఫ్ 16కు వెళ్ళి, సూర్యుణ్ణి కొమ్మ వెనకో స్తంభం వెనకో సగం దాచండి.

ఏది సరైనదో తేల్చుకోలేకపోతే ఒకే దృశ్యాన్ని మూడు వెలుగుల్లో తీసుకోండి. అందులో ముదురుగా ఉన్నదే తర్వాత పనికొస్తుంది. ముదురు ఫోటోను కొంత వెలిగించవచ్చు, తెల్లబడిపోయిన చోట మాత్రం వెనక్కి తేవడానికి ఏమీ మిగలదు.

7. వైట్ బ్యాలెన్స్‌ను ఆటోలో వదలకండి.

వైట్ బ్యాలెన్స్ అంటే ఫోటోలో పసుపునూ నీలాన్నీ సర్దే సెట్టింగ్. దాని ఆటో పని ఏమిటంటే పసుపు ఎక్కువైతే నీలం కలిపి తెల్లగా చేయడం. మనం ఇంత దూరం వచ్చింది ఆ పసుపు కోసమే. సెట్టింగ్స్ మనమే మార్చుకునే ప్రో మోడ్‌లోకి వెళ్ళి డేలైట్, అంటే సుమారు 5500 కెల్విన్ పెట్టండి. ఇంకా వెచ్చగా కావాలంటే క్లౌడీ, 6500. ప్రో మోడ్ లేని ఫోన్ అయితే వదిలేయండి, దిద్దేటప్పుడు చూసుకుందాం. రా ఫార్మాట్‌లో, అంటే కెమెరా దిద్దకుండా దాచే ఫైల్‌గా తీసే వీలుంటే తీయండి, అప్పుడు వైట్ బ్యాలెన్స్ ఎలా ఉన్నా తర్వాత మార్చుకోవచ్చు.

8. మునిగాక వెళ్ళిపోకండి.

బింబం కనుమరుగు కాగానే ఘాట్ మీద జనం లేచి దుమ్ము దులుపుకుంటారు. నాకు అదెప్పుడూ బాధే. అసలు రంగులు చాలాసార్లు ఆ తర్వాత పది పదిహేను నిమిషాలకు వస్తాయి, కింది నుంచి వెలుగు మబ్బుల అడుగున పడినప్పుడు. మన దగ్గర 20, 25 నిమిషాల దాకా తీయదగ్గ వెలుగు ఉంటుంది. ఒకసారి వెనక్కి తిరిగి తూర్పు కూడా చూడండి. దిగువన నీలి బూడిద రంగు పట్టీ, దాని మీద గులాబీ పట్టీ కనిపిస్తాయి. కింద ఉన్న ఆ నీలిపట్టీ భూమి నీడ. దాన్ని తీసేవాళ్ళు చాలా తక్కువ. ఈ సమయంలో చెయ్యి వణుకు ఫోటోలో తెలుస్తుంది కాబట్టి ట్రైపాడ్ మీద పెట్టి, రెండు సెకన్ల టైమర్‌తో తీయండి.

దిద్దుకోవడం

మొదలుపెట్టే ముందు ఫోన్‌లో ఒక పని చేయండి. సాయంత్రమయ్యేసరికి చాలా ఫోన్లలో కంటికి శ్రమ లేకుండా తెరను పసుపు చేసే ఫిల్టర్ దానంతట అదే ఆన్ అయ్యేలా పెట్టి ఉండవచ్చు. నైట్ లైట్, ఐ కంఫర్ట్, నైట్ షిఫ్ట్ అని ఒక్కో ఫోన్‌లో ఒక్కో పేరు. అది ఆన్‌లో ఉండగా రంగులు దిద్దితే మీకు సరిగ్గా కనిపించిన ఫోటో పక్కవాళ్ళ ఫోన్‌లో నీలంగా తేలుతుంది. దాన్ని ఆపండి. తెర వెలుగు సగానికి పెట్టండి. అసలు ఫోటోకు ఒక కాపీ తీసి, కాపీ మీదే పని చేయండి.

9. ముందు గీత సరిచేసి, కత్తిరించండి. వంకర తీశాక, ఫోటోకు పనికిరాని ఖాళీ తగ్గించండి. పడవ వెళ్ళే వైపు, మనిషి చూసే వైపు చోటు వదలండి.

10. వెచ్చదనం. వైట్ బ్యాలెన్స్‌లో టెంపరేచర్‌ను కొద్దిగా కుడికి. కొలత ఇదీ: సూర్యుడికి దూరంగా, పై మూలల్లో ఉన్న ఆకాశం ఇంకా నీలంగానో ఊదాగానో ఉండాలి. అది కూడా పసుపు అయిపోతే దాటిపోయారు. వెచ్చటి రంగు వెచ్చగా అనిపించేది పక్కన చల్లటి రంగు ఉన్నప్పుడే.

11. వెలుగు, నీడ. హైలైట్స్ (బాగా వెలుగున్న భాగాలు) తగ్గించండి, మైనస్ 40 నుంచి 60 దాకా. సూర్యుడి చుట్టూ మబ్బుల పొరలు తేలుతాయి. షాడోస్ (నీడ భాగాలు) జోలికి మాత్రం జాగ్రత్తగా వెళ్ళండి. నీడబొమ్మ ఫోటోలో షాడోస్ పెంచితే పడవాయన చొక్కా గళ్ళు సగం సగం కనబడి, ఆకారం పోతుంది, నలుపులో రంగు రంగుల నలకలు తేలతాయి. నేనైతే లైట్‌రూమ్‌లో బ్లాక్స్‌ను (పూర్తి నల్లటి భాగాల్ని) ఇంకో 10, 15 తగ్గించి నలుపును నలుపుగానే ఉంచుతాను. నీడబొమ్మ లేని ఫోటో, అంటే ముందు గడ్డి, రాళ్ళు కనిపించాల్సిన ఫోటో అయితే షాడోస్ 20, 30 పెంచుకోవచ్చు.

12. రంగు. శాచురేషన్ స్లైడర్‌ను ముట్టుకోకుండా ఉండగలిగితే సగం గెలిచినట్టే. అది అన్ని రంగుల్నీ ఒకే మోతాదులో పెంచుతుంది. లైట్‌రూమ్‌లో వైబ్రెన్స్ 10, 15 పెంచండి, అది పలచగా ఉన్న రంగులకే ఎక్కువ పని చేస్తుంది. స్నాప్‌సీడ్‌లో యాంబియెన్స్ కొద్దిగా. ఇంకా కావాలంటే లైట్‌రూమ్ కలర్ మిక్స్‌లో ఆరెంజ్ ఒక్కదాన్నే పట్టుకుని, దాని వెలుగును 10 తగ్గించండి. రంగు పెంచకుండానే చిక్కబడుతుంది.

ఒక చిక్కు ఉంది. ఎర్రటి ఆకాశంలో మిగతా రంగుల కంటే ముందు ఎరుపు పొంగి పొర్లుతుంది. అప్పుడు సూర్యుడి పక్కన నారింజ రంగు ఉండాల్సిన చోట చదునైన పసుపు మచ్చ, పెయింటు డబ్బా ఒలికినట్టు వస్తుంది. అది కనిపించగానే ఎక్స్‌పోజర్, శాచురేషన్ రెండూ వెనక్కి తీసుకోండి. తీసేటప్పుడే పొర్లి ఉంటే ఆ ఫోటోకు వైద్యం లేదు, ముదురుగా తీసిన రెండోదాన్ని తెరవండి.

13. ఒక చోట మాత్రమే పని చేయండి. స్నాప్‌సీడ్‌లో సెలెక్టివ్, లైట్‌రూమ్‌లో మాస్క్. ఇందాకటి లాంటి పడవ ఫోటోనే ఇంకోటి తీసుకుందాం, తర్వాత పై మెట్ల మీదనుంచి తీసింది. నేను చేసింది ఇంతే: గీత 0.8 డిగ్రీలు తిప్పాను. హైలైట్స్ మైనస్ 45. బ్లాక్స్ మైనస్ 12. టెంపరేచర్ కాస్త కుడికి. పడవ చుట్టూ నీటి మీద ఒక సెలెక్టివ్ చుక్క పెట్టి బ్రైట్‌నెస్ ప్లస్ 15. దాంతో గెడ కొనదాకా అంచు తేలింది, చూపు నేరుగా పడవ మీదికి వెళ్తోంది. పై అంచున ఆకాశాన్ని ఒక పిసరు ముదురు చేశాను. ఐదు నిమిషాలు పట్టలేదు. అరగంట పట్టిన ఫోటోలు నా దగ్గర ఉన్నాయి, వాటిలో ఒక్కటీ గోడకెక్కలేదు.

14. మచ్చలు. హీలింగ్ పనిముట్టుతో తీగ ముక్క, నీటి మీద కవరు, ఎఫ్ 16లో తీసినప్పుడు ఆకాశంలో కనిపించే సెన్సర్ దుమ్ము చుక్కలు తుడిచేయండి. నిజంగా అక్కడ ఉన్న మనిషిని తుడవాలా వద్దా అన్నది మీ ఇష్టం. వేరే ఆకాశం తెచ్చి అతికించే పని మాత్రం నేను చేయను, చేయమని చెప్పను. అతికించినవాళ్ళు నీళ్ళలో ప్రతిబింబం మార్చడం మర్చిపోతారు, పైన ఎర్ర ఆకాశం, కింద తెల్ల నీళ్ళు. చూసేవాళ్ళకు కారణం తెలియకపోయినా ఏదో తేడాగా ఉందని తెలిసిపోతుంది.

15. పదును చివర్లో. షార్పెనింగ్ కొద్దిగా. డీహేజ్, క్లారిటీ, స్ట్రక్చర్, హెచ్‌డీఆర్ స్కేప్ లాంటివి 10, 15 దాటనివ్వకండి. దాటితే నల్లటి ఆకారాల చుట్టూ తెల్లటి జరీ అంచు వస్తుంది. మంచుపొర ఉన్న జనవరి సాయంత్రానికి డీహేజ్ వాడటం అంటే ఆ సాయంత్రం అందాన్నే తుడిచేయడం.

సరిగ్గా వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది

ఫోటో మీద వేలు నొక్కి పట్టి, అసలుదీ దిద్దినదీ మార్చి మార్చి చూడండి. “అబ్బ, ఎంత మారిందో!” అనిపిస్తే ఎక్కువ చేశారని అర్థం. నేను చేసిన ప్రతి మార్పునూ చివర్లో మూడో వంతు వెనక్కి లాగుతాను. ఇంతవరకు ఎప్పుడూ నష్టపోలేదు.

ఫోటోను బొటనవేలి గోరంత చేసి చూడండి. అంత చిన్నగా ఉన్నప్పుడు కూడా అక్కడ ఉన్నది పడవని తెలియాలి. తర్వాత రెండు వేళ్ళతో పెద్దది చేసి సూర్యుడి చుట్టూ, ఆకాశం అంతటా చూడండి. బింబం తెల్లగా ఉంటే ఫరవాలేదు, పక్కనున్న మబ్బు తెల్లబడకూడదు. ఆకాశంలో రంగు మెట్లు మెట్లుగా, చారలుగా విరిగితే జేపెగ్ ఫోటోను (ఫోన్ కుదించి దాచే మామూలు ఫైల్‌ను) మరీ సాగదీశారు, సగం వెనక్కి రండి. నలుపు అంచున తెల్ల గీత కనిపిస్తే స్ట్రక్చర్ తగ్గించండి. ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లో కూడా ఒకసారి తెరిచి చూడండి.

ఆ రాత్రే ఎవరికీ పంపకండి. దృశ్యం ఇంకా కళ్ళలోనే ఉంటుంది, ఫోటోలో లేనిది కూడా ఉన్నట్టే కనిపిస్తుంది. మర్నాడు పొద్దున, మామూలు పగటి వెలుగులో చూడండి.

వాట్సాప్‌లో పంపేటప్పుడు హెచ్‌డీ ఎంచుకోండి లేదా డాక్యుమెంట్‌గా జత చేయండి. మామూలుగా పంపితే ఫోటోను కుదిస్తుంది, అన్నిటికంటే ముందు ఆకాశంలోనే చారలు పడతాయి. ప్రింటు వేయించేవాళ్ళు ఎస్‌ఆర్‌జీబీ అనే రంగుల పద్ధతిలో సేవ్ చేసుకోండి, ఫోన్ తెర మీద కనిపించిన దానికంటే కాగితం మీద ముదురుగా వస్తుంది కాబట్టి ప్రింటుకు ఇచ్చే కాపీని మాత్రం కొద్దిగా వెలిగించండి. పెద్ద సైజు వేయించే ముందు అదే స్టూడియోలో ఒక చిన్న కాపీ వేయించి చూసుకోండి. నలుపులో నీటి మెరుపు కనిపిస్తోందా, సూర్యుడి పక్కన నారింజ నారింజగానే ఉందా అన్న రెండూ ఆ చిన్న కాపీలోనే తెలిసిపోతాయి.